అగ్గిపెట్టె ఫోను మదింపు

మస్తానమ్మ చేతికి ఎంత పొగరుబోతు గొడ్డయినా లొంగుతుంది గానీ, శాఖవారిచ్చిన ఫోను మాత్రం లొంగదు. వేములకుంట పశువుల ఆసుపత్రిలో ఇరవై రెండేళ్ళుగా ఆమె సహాయకురాలు. పలుపుతాళ్ళు లాగీ లాగీ, సున్నపునీళ్ళలోనూ ఫినాయిల్లోనూ ముంచీ ముంచీ, వేలి కొనలు ఏటి రాళ్ళలా నున్నబడిపోయాయి. రేషను కొట్లో వేలిముద్రే పడదు, ఇక అద్దం మీద అంకె పడుతుందా? ఐదు నొక్కితే ఎనిమిది పడుతుంది. ఎనిమిది నొక్కితే ఏమీ పడదు. ఏమీ నొక్కనప్పుడు మాత్రం ఎక్కడో ఎవరో మహానుభావుడికి ఫోను పోతుంది.

"నీ వేళ్ళల్లో పాణం పోయినట్టుందే పిల్లా," అన్నాడు బొల్లా నాసరయ్య, తన గేదె చెవి పట్టుకుని నిలబడి నిలబడి కాళ్ళు పీకి. ఊళ్ళో పాడి ఉన్నవాళ్ళల్లో పెద్దవాడు, నోరున్నవాడు.

"నా వేళ్ళు బానే ఉండాయి మావా. ఈ అద్దానికే పాణం లేదు."

అద్దంతో అంత పనేమిటంటే, జిల్లా పశుక్షేమ శాఖలో ఆ ఏడు కొత్త నినాదం పుట్టింది. ఆసుపత్రి గోడమీద నీలిరంగుతో రాయించారు కూడా: "ముందు నమోదు – తరువాతే మందు". అంటే, గేదె చెవికి గుచ్చిన పసుపు బిళ్ళ మీద పన్నెండు అంకెలుంటాయి. ఆ పన్నెండూ ఫోనులో తప్పు లేకుండా కొట్టాలి. ఎన్ని గేదెలు నమోదైతే జిల్లా స్టోరు నుంచి అన్ని టీకాలు వదులుతారు. ఒక్క అంకె తప్పితే వేములకుంట గేదె ఇంకెక్కడో గొర్రెగా తేలుతుంది. దానికి టీకా రాదు.

వేములకుంటలో గేదెలు నూట అరవై నాలుగు. తొలకరికి రెండు నెలలుంది. తొలకరితోపాటే గొంతువాపు కూడా దిగుతుంది. సాయంత్రం గొంతు కింద బుడిపె కనపడిందంటే తెల్లారేసరికి కట్టుగొయ్య మిగులుతుంది, గొడ్డు మిగలదు. నాలుగేళ్ళ క్రితం ఒక్క వారంలో ఇరవై మూడు గేదెల్ని బండ్ల మీద వేసుకుపోయి పూడ్చినప్పుడు గోతుల దగ్గర నిలబడి సున్నం చల్లింది మస్తానమ్మే. అందుకే వాన మబ్బు కనపడితే ఊళ్ళో అందరూ ఆకాశం వంక చూస్తారు, ఆమె చెవి బిళ్ళల వంక చూస్తుంది.

పది రోజులు అద్దంతో కుస్తీ పడితే పదకొండు గేదెలు తేలాయి. అందులో రెండు గొర్రెలు. తప్పులున్నాయని శాఖ ఆ పదకొండూ కొట్టేసింది. పదకొండో రోజు ఆమె టౌనుకి పోయి, సెల్లుఫోన్ల బజారులో చివరి కొట్టు దాకా తిరిగింది. అక్కడ దుమ్ము పట్టిన అద్దాల పెట్టెలో అడుగున ఉందొకటి. పైకి మామూలు ఫోనే. బొటనవేలితో పక్కకు నెడితే మాత్రం, అగ్గిపెట్టెలోంచి సొరుగు వచ్చినట్టు కిందనుంచి ఒక పలక జారి బయటికొస్తుంది. దాని నిండా కందిగింజలంత మీటలు.

"పాత మోడలక్కా. ఎవరూ అడగరు. యాప్‌లన్నీ పనిచేస్తాయి గానీ, సొరుగున్న ఫోను పట్టుకుంటే జనం నవ్వుతారు," అన్నాడు కొట్టువాడు.

"నవ్వితే నవ్వనీ. గేదెలు నవ్వవుగా," అని తెచ్చేసుకుంది.

మర్నాడు నాసరయ్య కొట్టం దగ్గర రబ్బరు గ్లౌజు విప్పకుండానే మొదలుపెట్టింది. మీట నొక్కితే టిక్కుమంటుంది, అంకె పడుతుంది. పేడ చెయ్యయినా, తడి చెయ్యయినా టిక్కే. గంట తిరిగేసరికి నలభై గేదెలు. నాసరయ్య ఆ సొరుగును తెరిచీ మూసీ, తెరిచీ మూసీ, "అగ్గిపెట్టె ఫోను" అని పేరు పెట్టాడు. ఊరంతా అదే పేరు.

ఆ సాయంత్రానికే జిల్లా ఆఫీసు నుంచి మెమో వచ్చింది.

"గంటకు శాఖ సగటు ఆరు పశువులు కాగా, తమరు గంటకు నలభై పశువులను నమోదు చేసినట్లు దృష్టికి వచ్చినది. ఇంతటి వేగమునకు గల కారణమును మూడు దినములలో తెలుపవలెను. సదరు కారణమును వెంట తీసుకొని రావలెను. అంతవరకు సదరు నమోదులు రద్దు."

మస్తానమ్మ రెండుసార్లు చదువుకుంది. ఆలస్యానికి మెమోలు తీసుకున్నవాళ్ళను ఆమె శానామందిని చూసింది. తొందరకు తీసుకున్నది తనే మొదలు.

*

జాయింట్ డైరెక్టరు, అంటే జెడి, సుదర్శనరావు గారు చెడ్డవారేం కాదు. ఉత్సాహం ఎక్కువ, అంతే. ఏడాదికో ఉత్సాహం పట్టుకుంటుంది. పోయినేడు గేదెలకు సంగీతం. కొట్టాలన్నిటికీ స్పీకర్లు కట్టించారు. పాలు పెరగలేదు గానీ, స్పీకర్ల వెనక పిచ్చికలు బాగా పెరిగాయి. ఇప్పుడు ఆయన అగ్గిపెట్టె ఫోనును అరచేతిలో పెట్టుకుని సొరుగు జరిపి చూశారు. కళ్ళు మెరిశాయి.

"మీటలు!" అన్నారు. "అమ్మా, నీవు తెలియకనే ఒక నూతన అధ్యాయమునకు నాంది పలికితివి. వచ్చే నెల రాష్ట్రస్థాయి సదస్సులో 'మీటల ద్వారా మార్పు' అను అంశముపై నేనే ప్రసంగించెదను."

"సంతోషం సార్. మరి నా ఫోను నాకిస్తే, ఇంకా నూట ఇరవై నాలుగు గేదెలుండాయి..."

"నూట అరవై నాలుగు," అన్నాడు పక్కనున్న స్టోరుకీపరు ఆనందరావు. "ఆ నలభై రద్దు."

"మదింపు జరగని పరికరముతో ప్రభుత్వ పశువును ముట్టరాదమ్మా," అన్నారు జెడి గారు.

"అవి ప్రభుత్వానివి కాదు సార్. ఊళ్ళోవాళ్ళవి."

"చెవి బిళ్ళ ప్రభుత్వానిదే కదా," అన్నారు జెడి గారు ప్రేమగా. ఆనందరావు వైపు తిరిగి, "నిబంధనావళి తీయండి," అన్నారు.

ఆనందరావుకు ఆ పుస్తకమంటే ప్రాణం. అట్ట ఊడిపోతే మైనంగుడ్డ వేసుకున్నాడు. అన్నం తినేటప్పుడు కూడా ఒక చెయ్యి దాని మీదే ఉంటుంది. తిరగేసి, గొంతు సవరించుకున్నాడు. "టెలిఫోను అనగా గోడ నుండి తీగ కలిగియుండవలెనని ఉంది సార్. దీనికి తీగ లేదు. కనుక ఇది టెలిఫోను కాదు."

"మరి?"

"నూట పన్నెండో పేరా సార్. 'మీటలు కలిగి, వాటిని నొక్కినచో అక్షరము పడునట్టి యంత్రమును టైపు యంత్రముగా భావించవలెను.' ఏమ్మా, నొక్కితే అక్షరం పడుతుందా?"

"పడుద్ది సార్," అంది మస్తానమ్మ. అబద్ధం చెప్పడం చేతకాక చెడింది.

"అయితే టైపు మిషనే," అన్నాడు ఆనందరావు. "టైపు మిషను మదింపునకు నిపుణుడైన టైపిస్టు ఉండాలి సార్. మన మాలకొండయ్య ఉన్నాడుగా."

ఉన్నాడు. ఆఫీసులో టైపు మిషన్లన్నీ వేలం వేసి పదకొండేళ్ళయింది గానీ, టైపిస్టును వేలం వెయ్యడానికి నిబంధన లేక మాలకొండయ్య ఉండిపోయాడు. మిషను పోయినా దాని మీది గుడ్డ తొడుగు వేరే వస్తువు కింద రాసుండడంవల్ల అది కూడా ఉండిపోయింది. రోజూ పదింటికొచ్చి ఆ తొడుగు దులిపి, బల్ల మీద పరిచి, ఐదింటికి మడతపెట్టి పోతాడు. పిలవగానే వచ్చి, ఫోనును చూసి, సొరుగు ఒకసారి లాగి, జేబులోంచి కళ్ళజోడు తీసి పెట్టుకున్నాడు. పదకొండేళ్ళ తర్వాత అతనికి పని పడింది.

*

మదింపు సంఘం తొలి సమావేశం సోమవారం. జెడి గారు అధ్యక్షులు, ఆనందరావు కార్యదర్శి, మాలకొండయ్య నిపుణుడు. మస్తానమ్మను తలుపు పక్కన స్టూలు మీద కూర్చోబెట్టారు. ఫోనును బల్ల మధ్య, తెల్లగుడ్డ మీద పెట్టారు.

"రిబ్బను," అని చదివాడు ఆనందరావు.

"లేదు," అన్నాడు మాలకొండయ్య.

"రిబ్బను సరఫరా చేయబడలేదు," అని చెబుతూ రాసుకున్నాడు ఆనందరావు. "కార్బను కాపీలు ఎన్ని వచ్చును?"

దీనికి ప్రయోగం చేశారు. తెల్లకాగితం, కార్బను, మళ్ళీ తెల్లకాగితం పెట్టి, పైన ఫోను పెట్టి, జెడి గారే స్వయంగా మీట నొక్కారు. రెండో కాగితం మీద ఫోను అంచు చార పడింది.

"ఒక కాపీ. అస్పష్టం," అన్నారు జెడి గారు.

"తూకం: టైపు మిషను పద్నాలుగు కిలోలకు తగ్గరాదు. ఇది..."

"గిద్దెడు బియ్యమంత ఉంటది సార్," అంది మస్తానమ్మ.

"తూకములో తీవ్రమైన లోటు," రాసుకున్నాడు ఆనందరావు. "ఇక గంట. పంక్తి చివరకు రాగానే గంట మోగవలెను."

అందరూ ఫోను వంక చూశారు. ఆ మాట కోసమే కాచుకున్నట్టు ఫోను మోగింది. అద్దం మీద నాసరయ్య పేరు వెలుగుతోంది.

మస్తానమ్మ స్టూలు మీంచి లేచింది. "సార్, అది మా ఊరినించి. ఒక్క నిమిషం..."

"ఆగమ్మా ఆగు! పరీక్షలో ఉన్న యంత్రాన్ని ముట్టరాదు," అని చెయ్యడ్డం పెట్టాడు ఆనందరావు.

"ఏదో అవసరమైతేనే చేస్తాడు సార్. ఊరికినే చెయ్యడు."

"ఎన్నిసార్లు మోగునో లెక్కించవలసి ఉన్నది," అన్నారు జెడి గారు, వేళ్ళు మడుస్తూ.

పన్నెండుసార్లు మోగింది. ఆగింది. మళ్ళీ పన్నెండుసార్లు మోగింది. మూడోసారి కూడా మోగాక జెడి గారు తృప్తిగా వెనక్కి వాలి, "గంట: మిక్కిలి సంతృప్తికరం. పట్టుదల గల గంట," అని రాయించారు.

సాయంత్రం బస్సు దిగాక గానీ మస్తానమ్మకు ఆ గంట సంగతి తెలియలేదు. పక్క ఊరు చింతలదొడ్డి సంతలో ఒక దున్నకు గొంతు వాచిందట.

"మూడుమాట్లు చేశా పిల్లా. ఎత్తవేంది?" అన్నాడు నాసరయ్య.

"నీ గంట పాసయింది మావా," అంది మస్తానమ్మ.

*

రెండో సమావేశంలో సొరుగుకు మిషను నూనె వేశారు. మూడోదానిలో తొడుగు తొడిగారు. పద్నాలుగు కిలోల మిషనుకు కుట్టిన తొడుగులో ఈ ఫోను ఎక్కడుందో దొరకక, ఆ రోజు సమావేశం సగం వెతుకులాటకే సరిపోయింది. నాలుగో సమావేశంలో మన్నిక పరీక్ష. సొరుగు పదివేలసార్లు లాగి మూయాలి. అటెండరు నాలుగు వేలదాకా లాగాడు. మధ్యలో ఎవరో టీ అడిగితే అంకె మర్చిపోయి, మళ్ళీ ఒకటి నుంచి మొదలుపెట్టాడు.

అప్పటికి పద్దెనిమిది రోజులు గడిచాయి. పడమటి దిక్కున, పొగాకు కాల్చే బ్యారన్ల వెనక సాయంత్రంపూట మబ్బు పట్టడం మొదలైంది.

"సార్, కాళ్ళు పట్టుకుంటా," అంది మస్తానమ్మ ఐదో సమావేశంలో. "మదింపు మీరు నిదానంగా చేసుకోండి. నాకు మందు ఇప్పించండి. వానొస్తే గొడ్లు దక్కవు."

"నమోదు లేనిదే మందు లేదు కదా తల్లీ. నినాదమే అది."

"నమోదు చేద్దామంటే ఫోను మీ దగ్గరుండె."

"మరి శాఖ ఫోను ఉన్నది కదా?"

"నా వేళ్ళకు అది..."

"వేళ్ళ విషయము వైద్యశాఖ పరిధిలోనిది," అన్నారు జెడి గారు. "పైగా ఆనందరావు గారు ఇంకొక చిక్కు కనుగొనిరి."

ఆనందరావు వినయంగా తలవంచి చదివాడు. "'టైపు యంత్రమును లోయరు పరీక్షలో ఉత్తీర్ణులైన వారు మాత్రమే వాడవలెను.' ఏమ్మా, లోయరు పాసయ్యావా?"

"నేను పశువుల కోర్సు పాసయ్యా సార్."

"పరీక్ష మళ్ళీ జనవరిలో. ఇప్పుడు కట్టుకుంటే మంచిది."

ఎద్దు ఈనిందంటే దూడను గాటన కట్టెయ్యమనేవాళ్ళను చూసింది గానీ, దూడకు బారసాల చేసి పేరు కూడా పెట్టేవాళ్ళను ఇప్పుడే చూస్తోంది. మస్తానమ్మ బయటికొచ్చి, వరండాలో పంపు దగ్గర ముఖం కడుక్కుంది. ఏడుస్తున్నట్టు ఎవరికీ తెలియకూడదని ఇంకాసేపు కడుక్కుంది.

వెనకనుంచి మాలకొండయ్య రెండు గ్లాసుల టీ పట్టుకొచ్చాడు.

"తాగమ్మాయ్. ఎన్ని గేదెలన్నావు?"

"నూట అరవై నాలుగు బాబాయ్."

"ఈ పుస్తకంతో పోట్లాడమాక. ముప్పై ఏళ్ళు దాన్నే టైపు కొట్టినోణ్ణి. అది ఒక పేరాలో కాలడ్డం పెడితే ఇంకో పేరాలో దోవ ఇచ్చుద్ది. నూట ముప్పై ఒకటో పేరా ఎవరూ చదవరు. చివర్న ఉండుద్ది, దాని దాకా వచ్చేసరికి అన్నం యాళయిద్ది." కళ్ళజోడు తుడుచుకుని, పద్యం చెప్పినట్టు చెప్పాడు. "'యంత్రమును అది వాడబడు చోటనే, అది వాడబడు చేతులతోనే క్షేత్ర పరీక్ష చేయవలెను. అందుకు కావలసిన సామగ్రిని స్టోరు నుండి ఇవ్వవలెను.'"

మస్తానమ్మ గ్లాసు నోటిదాకా తెచ్చి ఆగింది.

"నీ యంత్రం యాడ వాడతావు?"

"గొడ్ల కాడ."

"ఏం చేస్తా వాడతావు?"

"సూదేస్తా... బాబాయ్!"

"నెమ్మది. అటెండరు వింటాడు," అన్నాడు మాలకొండయ్య, టీ ఊదుకుంటూ.

*

ఆరో సమావేశంలో నిపుణుడు తొలిసారి తనంతట తాను నోరు విప్పాడు. మీట గట్టితనం తేలాలంటే అలిసిన చెయ్యి కావాలన్నాడు. చెయ్యి అలవాలంటే సూది వెయ్యాలన్నాడు. ఉత్తి సూది వేస్తే చేతికి బరువు తెలియదు, అందులో మందుండాలన్నాడు. ఒక్కో మీటకు నాలుగు గేదెల చొప్పున, నలభై ఒక్క మీటలకు నూట అరవై నాలుగు గేదెలు అవసరమని లెక్క తేల్చాడు.

"శాస్త్రీయం!" అన్నారు జెడి గారు. సదస్సులో చూపించడానికి ఫోటోలు కూడా వస్తాయని ఆయనకు అప్పుడే తట్టింది.

ఆనందరావు పేరా చదువుకున్నాడు. తప్పు పట్టడానికేమీ దొరకలేదు. పరీక్షా సామగ్రి జాబితా రాసి, స్టోరు నుంచి విడుదల చేశాడు: గ్లౌజులు, సిరంజిలు, టీకా నూట అరవై నాలుగు మోతాదులు. అడుగున ఒక వరస ఖాళీగా ఉంటే బాగుండదని, "గేదెలు: నూట అరవై నాలుగు" అని తనే చేర్చాడు.

బుధవారం పొద్దున్నే నాసరయ్య పొగాకు బ్యారను ముందు షామియానా వేశారు. జెడి గారు కుర్చీలో. ఊళ్ళో గేదెలన్నీ వరసగా. మస్తానమ్మ గేదె మెడ నిమిరి, సూది వేసి, అదే గ్లౌజు చేత్తో ఫోను సొరుగు లాగి, టైపు నేర్చుకునే వాళ్ళు మొదటిరోజు కొట్టే వరస కొట్టాలి: ఏ, ఎస్, డి, ఎఫ్. పరీక్షలో అసలు నమోదు చెయ్యకూడదు గనక అంతకుమించి ఒక్క అక్షరం కొట్టడానికి వీల్లేదు. మాలకొండయ్య పక్కన నిలబడి ఒక్కోదానికీ టిక్కు పెట్టుకుంటున్నాడు.

"ఇదేం మంత్రమే పిల్లా? సూదేసి చెవిలో చెప్పాల్సింది పోయి ఫోన్లో చెబుతున్నావు?" అన్నాడు నాసరయ్య.

"ఊరుకో మావా. గేదెను పట్టుకో."

"మా గేదె ఏం పరీక్ష రాస్తందో కాస్త చెప్పు. పాసైతే కుడితిలో తవుడు ఎక్కువేస్తా."

డెబ్బై రెండో గేదె తోక విసిరింది. ఆ విసురుకు ఫోను మీదా, జెడి గారి తెల్లచొక్కా మీదా పచ్చటి చినుకులు పడ్డాయి. మస్తానమ్మ గుడ్డతో తుడిచి కొడితే మీటలు టిక్కుమన్నాయి.

"తేమ పరీక్ష: ఉత్తీర్ణం," అన్నాడు మాలకొండయ్య.

జెడి గారు చొక్కా వంక చూసుకుంటూ, "నమోదు చేయండి," అన్నారు నీరసంగా.

సాయంత్రానికి ఆఖరి గేదెకు సూది పడింది. ఫోనును మళ్ళీ తెల్లగుడ్డలో చుట్టి జీపెక్కించారు. సూది పడ్డ పదహారో రోజున తొలకరి కురిసింది. ఆ వారమంతా వేములకుంటలో ప్రతి ఇంటివాళ్ళూ పొద్దున్నే లేచి గేదె గొంతు తడిమి చూసుకున్నారు. ఒక్క బుడిపె లేదు.

చింతలదొడ్డిలో పదకొండు పోయాయి. అక్కడి ఉద్యోగికి వేళ్ళు మెత్తనివి. ఊళ్ళోకి పోకుండానే, ఫ్యాను కింద కూర్చుని రెండొందల గేదెల్ని అద్దం మీద నమోదు చేసి, టీకా వేసినట్టు కూడా కొట్టేశాడు. శాఖ మెచ్చుకుని ప్రశంసాపత్రం ఇచ్చింది. రికార్డు ప్రకారం ఆ ఊళ్ళో గేదెలన్నిటికీ టీకా పడింది గనక, గొంతువాపుతో చావడానికి వాటికి వీల్లేదు. పదకొండింటినీ "ఇతర కారణములు" కింద రాశారు.

*

ఇంకో పది రోజులకు రెండు కాగితాలొచ్చాయి. ఒకటి మదింపు నివేదిక, ఫోనుతో సహా.

"సదరు యంత్రము గంటయందును, తేమయందును, మీటల గట్టితనమునందును ఉత్తీర్ణమైనది. వాడుకకు ఆమోదించడమైనది. అయితే లోయరు పాసు కానివారు మీటలు నొక్కరాదు గనుక, సొరుగు తెరవకుండ లక్క ముద్ర వేయడమైనది."

మస్తానమ్మ ఫోను తిప్పి చూసింది. సొరుగు అంచున ఎర్రటి లక్క, దాని మీద జెడి గారి ముద్ర. అగ్గిపెట్టెను కొనుక్కోవచ్చు, జేబులో పెట్టుకోవచ్చు, పుల్ల మాత్రం తియ్యకూడదు.

రెండో కాగితం ఆనందరావుది. "నూట ముప్పై ఒకటవ పేరా చివరి వాక్యము ప్రకారము, పరీక్షా సామగ్రిని పరీక్షానంతరము స్టోరుకు తిరిగి అప్పగించవలెను. గ్లౌజులు, సిరంజిలు, ఖాళీ సీసాలు అందినవి. గేదెలు 164 అందలేదు. శుక్రవారము లోపల అప్పగించనియెడల ప్రభుత్వ సామగ్రి పోగొట్టినందులకు తమరిని సస్పెండు చేయడమగును."

కాగితం పట్టుకుని ఆమె నాసరయ్య అరుగు మీద కూలబడింది. నాసరయ్య చదివించుకుని, కండువా దులిపి భుజానేసుకున్నాడు.

"నా గేదె ప్రభుత్వానిదెప్పుడైందే?"

"పరీక్ష రాసినప్పుడు, మావా."

"నీ ఉద్యోగం పోద్దా?"

"పోద్ది."

నాసరయ్య కాసేపు చుట్ట కాల్చాడు. మస్తానమ్మ మాలకొండయ్యకు ఫోను చేసింది. సొరుగు తెరవక్కర్లేదు, అద్దం మీద అతని బొమ్మ నొక్కితే చాలు. ఆ బొమ్మను నొక్కడానికి ఏడుసార్లు పట్టింది.

"బాబాయ్, ఆ ఆఖరి వాక్యం నువ్వు నాకు చెప్పలా."

"చెబితే నువ్వు భయపడేదానివి," అన్నాడు అవతలనుంచి. "ఇప్పుడు పుస్తకం ఏం చెప్పిందో అదే చెయ్యి. ఒక్కటి కూడా తగ్గించమాక. రసీదు లేకుండా కదలమాక."

*

శుక్రవారం పదిన్నరకు నూట అరవై నాలుగు గేదెలు, పన్నెండు కిలోమీటర్లు నడిచి, జిల్లా పశుక్షేమ శాఖ గేటులోకి వచ్చాయి. వెంట ఊరంతా. ముందు మస్తానమ్మ, చేతిలో మెమో.

పేరుకు అది పశుక్షేమ శాఖే గానీ ఆ ఆవరణలో పశువు అడుగుపెట్టడం అదే మొదలు. కొన్ని, కుండీల్లోని పూలమొక్కలు మేశాయి. కొన్ని సైకిలు షెడ్డులో నీడకు పడుకున్నాయి. రెండు మెట్లెక్కి, "ముందు నమోదు – తరువాతే మందు" బోర్డుకు వీపు రుద్దుకున్నాయి.

ఆనందరావు పుస్తకం గుండెలకు హత్తుకుని బయటికొచ్చాడు. "ఏమిటమ్మా ఇది!"

"సామగ్రి సార్. లెక్క చూసుకుని రసీదియ్యండి."

"ఏదో కాగితం రాసిస్తావనుకుంటే..."

"కాగితానికి కొమ్ములుండవు కద సార్. మీరు గేదెలన్నారు," అన్నాడు నాసరయ్య.

ఆనందరావు నియమం తప్పే మనిషి కాదు. సామగ్రిని తీసుకోవాలంటే ఒక్కోదాని బిళ్ళ అంకె శాఖ ఫోనులో కొట్టాలి. మొదలుపెట్టాడు. మొదటి గేదె చెయ్యి నాకింది. తడి వేలు అద్దం మీద పెట్టాడు. ఐదు నొక్కితే ఎనిమిది పడింది.

"అదే సార్," అంది మస్తానమ్మ. "పది రోజులు నేను పడ్డది."

పన్నెండింటికి తొమ్మిది గేదెలు తేలాయి. అందులో ఒకటి మేక. ఎండెక్కింది. గేదెలు నీళ్ళకోసం అరవడం మొదలుపెట్టాయి. గేటు దాటి లోపలికొచ్చిన సామగ్రి బాగోగులు స్టోరుకీపరే చూడాలని ఎనభై ఎనిమిదో పేరాలో ఉందని మాలకొండయ్య కిటికీలోంచి చదివి వినిపించాడు. ఆనందరావు బకెట్టు పట్టుకుని పంపు దగ్గరికి పరిగెత్తాడు.

సదస్సులో "మీటల ద్వారా మార్పు" ప్రసంగించి, శాలువా కప్పించుకుని, జెడి గారు అప్పుడే దిగారు. కారు దారిలో ఒక గేదె పడుకుని ఉండడంతో గేటు బయటే ఆగి నడిచొచ్చారు.

"వీటిని తక్షణమే తీసుకొనిపొమ్మని చెప్పండి!"

"రసీదివ్వండి సార్, పోతాం," అంది మస్తానమ్మ.

"రసీదిచ్చిన యెడల ఇవి శాఖవి అయిపోవును కదా?"

"ఇయ్యకపోతే నేను పోగొట్టినట్టయిద్ది సార్."

"నాలుగింటికి పాలు పిండాల," అన్నాడు నాసరయ్య, ఎవరితో అనకుండా. "పిండకపోతే పొదుగులు వాస్తాయి. సామగ్రి పాడైద్ది. ఎవరు పిండుతారో ఏమో."

జెడి గారు శాలువా సర్దుకున్నారు. కిటికీ వంక చూశారు. "మాలకొండయ్యగారూ, పేరా ఏమైనా..."

మాలకొండయ్య నిదానంగా మెట్లు దిగొచ్చాడు. "ఉంది సార్. నమోదై, టీకా పడ్డ పశువు యజమానిది. స్టోరుకు దానితో సంబంధం లేదు. టీకా పడనే పడింది. ఇక నమోదొక్కటే. ఈ నూట అరవై నాలుగూ నాలుగింటిలోపు నమోదైతే, తోలుకుపోతారు."

"నాలుగింటిలోపా? ఎవరివల్ల అవుతుంది?"

మస్తానమ్మ జాకెట్టులోంచి అగ్గిపెట్టె ఫోను తీసి, లక్క ముద్ర పైకి కనపడేలా పట్టుకుంది.

జెడి గారు తన ముద్రను తాను చూసుకున్నారు. అంచున గోరు పెట్టి గీరారు, రాలేదు. చివరికి కారు తాళంచెవితో పొడిచి ఊడగొట్టారు. సొరుగు జారి బయటికొచ్చింది. వేసిన నూనె పుణ్యమా అని మునుపటికంటే మెత్తగా వచ్చింది.

"అంకె చదవండి సార్," అంది మస్తానమ్మ, గ్లౌజు తొడుక్కుంటూ. "చెవి గట్టిగా పట్టుకోండి. మెడ కింద గోకితే కదలదు."

అలా ఆ మధ్యాహ్నం జాయింట్ డైరెక్టరు గారు ఒక్కో గేదె చెవీ పట్టుకుని పన్నెండేసి అంకెలు చదివారు. చదివేవారు వేరే ఉండడంతో మస్తానమ్మ గంటకు నలభై కాదు, యాభై చొప్పున టిక్కు టిక్కున కొట్టింది. ఆనందరావు నీళ్ళు మోశాడు. ఇరవయ్యో గేదె దగ్గర శాలువా జారిపడితే, దానితో నాసరయ్య ముఖం తుడుచుకున్నాడు. నూరో గేదె దగ్గర జెడి గారికి మెడ కింద ఎక్కడ గోకాలో తెలిసొచ్చింది.

నాలుగుకు పది నిమిషాలుండగా, ఆఖరి గేదె అంకె సగంలో ఫోను మోగింది.

అలవాటు కొద్దీ జెడి గారు వేళ్ళు మడవబోయారు. మస్తానమ్మ రెండో మోతకే ఎత్తేసింది.

అవతలి మాట అందరికీ వినపడింది. ఆడమనిషి గొంతు. "మస్తానమ్మక్కా, చింతలదొడ్డి నించి. నిన్న ఇంకోటి పోయిందక్కా. మాకూ వచ్చి సూదెయ్యవూ? అడిగితే మీ గొడ్లకు వేసేశాం, రెండోసారి రాదంటన్నారు."

మస్తానమ్మ ఫోను చెవికి అలాగే ఉంచుకుని జెడి గారి వంక చూసింది. ఆయన గేదె వంక చూశారు. గేదె ఎటూ చూడలేదు, నెమరేస్తోంది.

మాలకొండయ్య కళ్ళజోడు సవరించుకున్నాడు. "సార్, ముద్ర పగిలిన యంత్రాన్ని మళ్ళీ మొదటినుంచి పరీక్షించాలని ఉంది. ఈసారి వేరే ఊళ్ళో. మీటకు ఐదు గేదెల చొప్పున, రెండొందల ఐదు."

ఆనందరావు ఖాళీ బకెట్టు కింద పెట్టాడు. మైనంగుడ్డ అట్ట మీద చెయ్యేసి, తెరవకుండానే, "సామగ్రి జాబితాలో ఈసారి గేదెలు రాయను సార్," అన్నాడు.

జెడి గారు చెవి వదల్లేదు. మిగిలిన ఆరంకెలూ చదివేశారు.

"మీ ఊళ్ళో ఎంతమంది ఉంటే అంతమందినీ గొడ్ల కాడ నిలబడమను చెల్లీ," అంది మస్తానమ్మ ఫోనులో. "పొద్దున్నే వస్తన్నా." అని పెట్టేసి, ఆ ఆరంకెలూ కొట్టి, సొరుగు మూసింది.